అయస్కాంతం బలం పెరిగేకొద్దీ గుండె ఎందుకు మొరాయించింది

ఎంఆర్ఐ బల్ల మీద పడుకోబెట్టాక ఛాతీకి ఈసీజీ తీగలు అంటిస్తారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తెర మీద ఆర్ అనే తరంగం గునపంలా నిలువుగా లేస్తుంది, దాని వెనకాలే టీ తరంగం చిన్న గుట్టలా. బల్లను 7 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలమానం) మెషీన్ లోపలికి జరిపితే ఆ గుట్ట కాస్తా కొండవుతుంది. గుండెకు వచ్చిన ముప్పేమీ లేదు. రక్తం ఉప్పునీళ్లలా విద్యుత్తును మోస్తుంది. అయస్కాంత క్షేత్రంలో అది బృహద్ధమని గుండా దూసుకెళ్తే వోల్టేజీ పుడుతుంది, డైనమోలో లాగా. మెషీనేమో ఆర్ తరంగాన్ని చూసుకునే బొమ్మ తీస్తుంది. టీని ఆర్ అనుకుందా, గుండె గోడలు అలికేసినట్టు వస్తాయి.

మెదడుకు లేని ఈ తంటాయే గుండె ఎంఆర్ఐని ఏళ్ల తరబడి వెనక్కి లాగింది. తమాషా ఏమిటంటే, మనిషికి తీసిన తొలి ఎంఆర్ఐ స్కాన్లలో ఒకటి ఛాతీదే. 1977 జులై 3న అమెరికాలో రేమండ్ డమాడియన్ బృందం తీసింది. అంతకుముందు ఆయన తనే యంత్రంలో కూర్చుంటే సిగ్నల్ రాలేదు. తన ఒళ్లు లావు కావడమే కారణమనుకుని బక్కపల్చటి సహాయకుణ్ణి కూర్చోబెట్టారు. దాదాపు ఐదు గంటలు పట్టింది. ఆలోగా గుండె ఇరవై వేల సార్లు కొట్టుకుని ఉంటుంది, ఇక బొమ్మలో ఏం తేలుతుంది!

1980లలో 1.5 టెస్లాల యంత్రాలు వచ్చాయి. భూమి అయస్కాంతత్వానికి అది దాదాపు 30 వేల రెట్లు. ఈసీజీతో జత కలపడం, ఊపిరి బిగబట్టించడం నేర్చాక గుండె కదలిక తేటగా కనిపించింది. 2000లో అమెరికా పరిశోధకులు బొమ్మలో తేడాలు తేటపరిచే గాడోలినియం మందు ఎక్కించి, చచ్చిపోయిన కండరం తెల్లగా మెరుస్తుందనీ, బైపాస్ తర్వాత ఏ భాగం కోలుకుంటుందో ముందే చెప్పొచ్చనీ చూపించారు. నన్నడిగితే టెస్లాలు పెంచడం కన్నా పెద్ద మలుపు ఇదే.

3 టెస్లాలతో సిగ్నల్ ఇంచుమించు రెట్టింపైంది, చిక్కులూ పెరిగాయి. క్షేత్రం పెరిగితే బొమ్మ కోసం ఒంట్లోకి పంపే రేడియో తరంగాల పౌనఃపున్యమూ పెరగాలి: 1.5 దగ్గర 64 మెగాహెర్ట్జ్, 7 దగ్గర దాదాపు 300. అప్పుడు ఒంట్లో తరంగం పొడవు 12 సెంటీమీటర్లకు అటూఇటూ, అంటే ఛాతీ వెడల్పు కన్నా తక్కువ. తరంగాలు ఒకదాన్నొకటి చెరుపుకుని గుండె మీద నల్లటి నీడలు పడతాయి. ఆ నీడ రక్తం అందని చోటా, తరంగాల ఆటా? డాక్టరుకు తేల్చడం కష్టం. ఒళ్లు వేడెక్కే బెడద సరేసరి.

విరుగుడుగా తీగను చుట్టిన అనేక కాయిల్స్‌తో, ఒక్కోదాని నుంచీ వేరువేరుగా తరంగాలు పంపడం మొదలైంది. బెర్లిన్ పరిశోధకులు ఈసీజీని పక్కనపెట్టి గుండె లబ్‌డబ్‌ను మైకుతో విని బొమ్మ తీయించారు. శబ్దానికి అయస్కాంతంతో పనిలేదు మరి. అంత పెద్ద యంత్రం చివరికి స్టెతస్కోపు దారికే వచ్చింది!

7 టెస్లాల అసలు లాభం కండరంలోని ఫాస్ఫరస్ ఇచ్చే సిగ్నల్‌లో ఉందనిపిస్తుంది. గుండె కండరంలో శక్తి నిల్వ ఎంతుందో దానితో కొలవొచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో ఈ పని సాగింది. గుండె నీరసించిన వారిలో ఆ నిల్వ తగ్గుతుంది. తక్కువ క్షేత్రంలో ఈ సిగ్నల్ మరీ బలహీనం.

2017లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 7 టెస్లాల యంత్రానికి తొలిసారి వైద్య అనుమతి ఇచ్చింది, తలకూ కాళ్లూచేతులకూ మాత్రమే. గుండె అందులో లేదు. ఇంకో పక్క, తలసీమియా అనే వారసత్వ రక్తవ్యాధిలో గుండెకు పట్టిన ఇనుమును కొలవడానికి బలం ఎక్కువైతేనే నష్టం. ఇనుము వల్ల సిగ్నల్ అసలే తొందరగా ఆరిపోతుంది, క్షేత్రం పెరిగితే ఇంకా తొందరగా. అందుకే ఆ కొలతకు ప్రామాణికం 1.5 టెస్లాలే.