ఘాటు లేని మిర్చి ఉత్తదేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వరంగల్ ఏనుమాముల యార్డులో మిర్చి క్వాలిటీ చూడటం నా పని. సీజన్‌లో తుమ్ములతోనే తెల్లారుతుంది. తొక్క కొరికి చూసి "ఘాటే లేదు, ఇదేం కాయ" అని పెదవి విరిచేవాళ్లు రోజుకొకరైనా తగులుతారు.

అపోహ: కారం లేకపోతే కాయలో ఏమీ లేనట్టే.

వాస్తవం: మన చపాటానే తీసుకోండి. బొద్దుగా ఉంటుందని టమాట మిర్చి అంటాం. బాగా ఘాటుండే తేజ రకం ముందు దీని కారం ఏపాటిది! కానీ చిన్న తొక్క ముక్క వేడి నూనెలో వేయండి, చూస్తుండగానే నూనె ఎర్రబడుతుంది. ఆ ఎరుపు క్యాప్సాంథిన్, క్యాప్సోరుబిన్ అనే కెరోటినాయిడ్లది. మంచి యాంటీఆక్సిడెంట్లు, ఘాటుతో వాటికి పనే లేదు. తోడుగా ఉండే బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఎగా మారుతుంది. ఇవన్నీ నూనెలో కరిగేవి, కాబట్టి పచ్చడిలో నూనె తగ్గించి మురిసిపోకండి. 2025లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక పంట అనే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చాక చపాటాను అడిగేవాళ్లు పెరిగారు, సంతోషం.

అపోహ: ఎండిన కాయ రంగు ఎక్కడికీ పోదు.

వాస్తవం: పోతుంది. కొత్తలో నేనే పది బస్తాలు రేకుల షెడ్డులో, కిటికీ పక్కన పెట్టించాను. వానాకాలానికి ఎండ తగిలిన వైపు కాయలు పాలిపోయి ఇటుక రంగుకు దిగాయి. వెలుతురు, వేడి, గాలి తగిలితే కెరోటినాయిడ్లు విరిగిపోతాయి. కోల్డ్ స్టోరేజీ కిరాయి దండగని ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. ఇంట్లోనైతే కారప్పొడిని గాజు సీసాలో పోసి కిటికీలో పెట్టకండి.

అపోహ: ఎండుకారంతో సి విటమిన్ దండిగా అందుతుంది.

వాస్తవం: అది పచ్చికాయలో, పండుమిర్చిలో ఉండే సంగతి. హంగేరీ శాస్త్రవేత్త సెంట్ జార్జీ సి విటమిన్‌ను దండిగా తీసింది అక్కడి పాప్రికా మిరపకాయల నుంచే. 1937లో నోబెల్ వచ్చింది. మన కల్లాల్లో రోజుల తరబడి ఎండేసరికి అందులో చాలా భాగం పోతుంది.

కారమంతా గింజల్లో ఉంటుందనేది కూడా ఉత్తమాటే. గింజలు అంటుకున్న తెల్లటి పొరలో ఉంటుంది.

అపోహ: నోరు మండితేనే ఒంట్లో కొవ్వు కరుగుతుంది.

వాస్తవం: జపాన్ వాళ్లు ఒక తియ్య మిరప రకంలో క్యాప్సియేట్‌ను గుర్తించారు. నిర్మాణంలో, మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌కు దగ్గరి చుట్టం, నోటికి మాత్రం మంట తెలియదు. ఇది ఒంట్లో శక్తి ఖర్చును కాస్త పెంచుతుందని పరీక్షల్లో తేలింది. కాస్తే. దీని పేరు చెప్పి బరువు తగ్గించే పొడి అమ్మేవాళ్లు వస్తే, నేనైతే పైసా ఇవ్వను.