కోటకు కనుమ ఎంత దూరం? ఫాంటసీ ఆటల్లో మ్యాప్ తగువు వెనుక కథ

ఫాంటసీ టేబుల్‌టాప్ ఆటలు, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని ఊహాలోకంలోని పాత్రలుగా ఆడే ఆటలు, ఆడే గుంపుల్లో మ్యాప్ తగువు రాని గుంపు అరుదు. పెద్ద మ్యాప్‌లో కోట నుంచి కనుమకు రెండు రోజుల నడక ఉంటుంది. ఆ కనుమకే విడిగా గీసిన మ్యాప్‌లో లెక్కవేస్తే నాలుగు రోజులు తేలుతుంది. కర్నూలు, నంద్యాల కుర్రాళ్ళం కలిసి ఆడే మా ఆటలో కూడా కొన్నాళ్ళుగా ఇదే టెన్షన్. ఏ మ్యాప్ కరెక్ట్ అని కొట్లాడుకునే ముందు ఈ తేడాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. దీని వెనుక యాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఇలాంటి ఆటే అయిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను తెచ్చినప్పుడు అడవులు, కొండల్లో తిరగడానికి వేరే కంపెనీ ఆట బోర్డును వాడుకోమన్నారు. అవలాన్ హిల్ 1972లో అమ్మిన అవుట్‌డోర్ సర్వైవల్ బోర్డు అది. దాని మీద నీటిమడుగు కనిపిస్తే కోట అనుకోవాలి, ఇల్లు కనిపిస్తే ఊరు అనుకోవాలి. ఒక్కో హెక్స్, అంటే ఆరు పలకల గడి, ఐదు మైళ్ళు. అడవిలో దారి తప్పినవాడు ప్రాణాలు ఎలా కాపాడుకోవాలో చూపడానికి గీసిన మ్యాప్‌లో రాజ్యాలు వెలిశాయి. మ్యాప్‌కూ ఆటకూ మధ్య సర్దుబాటు మొదటి రోజు నుంచే ఉందన్నమాట.

నేలమాళిగల్లో పద్ధతి వేరు. డీఎం (డంజియన్ మాస్టర్, అంటే ఆట నడిపించేవాడు) నోటితో చెబుతుంటే ఆటగాళ్ళలో ఒకరు గ్రాఫ్ పేపర్ మీద గీసుకుంటూ పోయేవారు. నడుస్తున్నవాళ్ళకు తెలియకుండా కిందికి వాలే దారులు, కదిలిపోయే గదులు కావాలనే పెట్టేవారు. జడ్జెస్ గిల్డ్ అనే సంస్థ 1970ల చివర్లో డీఎంకు నిండు మ్యాప్, ఆటగాళ్ళకు ఖాళీలున్న మ్యాప్ విడివిడిగా అచ్చువేసింది. ఈ రకం తేడాను ఎవరూ సరిదిద్దకూడదు. ఆటగాడి మ్యాప్ తప్పడం, తప్పిందని గుహ మధ్యలో తెలియడం ఈ ఆటలో దొరికే గొప్ప అనుభవాల్లో ఒకటి. అసలు చిక్కు డీఎం చేతిలోని రెండు మ్యాపులే ఒకదానికొకటి పొసగనప్పుడు వస్తుంది.

అది అచ్చు వ్యాపారంతో పెరిగింది. గైగాక్స్ తన ఇంట్లో ఆడించిన గ్రేహాక్ అనే ఊహాలోకం వేరు, 1980లో డార్లీన్ గీసిన అందమైన మ్యాపులతో అచ్చయిన గ్రేహాక్ వేరు. అచ్చులో ఒక్కో హెక్స్ ముప్పై మైళ్ళు. మన లెక్కలో చెప్పాలంటే, కర్నూలు నుంచి అనంతపురం దాకా ఆకాశమార్గాన మూడు గడులు కూడా నిండవు. అదే దూరం 1974 లెక్కలో పదిహేడు గడులు. మూడు గడుల్లో డోన్ ఎక్కడ పెట్టాలి, గుత్తి కోట ఎక్కడ పెట్టాలి? పెద్ద స్కేలులో ఒక గడికి ఒకే గుర్తు పడుతుంది కాబట్టి మిగతావన్నీ మాయమవుతాయి. తర్వాత ఎవరైనా దగ్గరి మ్యాప్ గీస్తే అవన్నీ కొత్తగా పుట్టుకొస్తాయి.

మిస్టారా అనే మరో ఆటలోకంలో జరిగింది ఇదే. 1981 నాటి ఐల్ ఆఫ్ డ్రెడ్ సాహసంలో ఖండమంతా ఇరవై నాలుగు మైళ్ళ హెక్సుల్లో ఇచ్చారు. 1987 నుంచి ఒక్కో దేశానికి ఒక్కో పుస్తకం వచ్చినప్పుడు ఎనిమిది మైళ్ళ హెక్సులకు దిగారు. రచయితలు వేరు, గీసినవాళ్ళు వేరు. పక్కపక్క దేశాల అంచులు అతకలేదు. అభిమానులు ఏళ్ళ తరబడి కూర్చుని ఆ అతుకులు సరిచేసుకుంటున్నారు. వాళ్ళ ఓపికకు దండం పెట్టాలి.

ఫర్గాటెన్ రెల్మ్స్ కథ ఇంకా పెద్దది. ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నతనం నుంచీ కట్టుకున్న లోకాన్ని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చువేసిన టీఎస్ఆర్ సంస్థ 1987లో తెచ్చింది. ఆయన మూన్‌షే దీవులు చిన్నచిన్న దీవుల గుంపు. అచ్చులో వాటి చోట డగ్లస్ నైల్స్ వేరే పనికోసం తయారుచేసిన పెద్ద దీవులు వచ్చి కూర్చున్నాయి. 2001లో ఖాళీ జాగాలు తగ్గించడానికి ఖండాన్నే నొక్కేశారు, ఊళ్ళు దగ్గరయ్యాయి. 2008లో ఒక మాంత్రిక ఉపద్రవం పేరుతో సముద్రమట్టం దించారు, దేశాలను తుడిచేశారు. తర్వాతి ఎడిషన్‌లో ఇంకో ఉపద్రవం పెట్టి చాలావరకు వెనక్కి తెచ్చారు. మ్యాప్ మార్చడానికి లోకాన్నే కూల్చడం నాకు నచ్చదు. అప్పటిదాకా ఆ దేశాల్లో పాత్రలను పెంచుకున్న ఆటగాళ్ళ కష్టమంతా అందులో కొట్టుకుపోతుంది.

2012లో రోల్20 లాంటి ఆన్‌లైన్ టేబుళ్ళు వచ్చాక తగువు ముదిరింది. "ఓ రెండు రోజులు పడుతుంది" అని డీఎం అంటే సరిపోయే చోట ఇప్పుడు స్క్రీన్ మీద గీత లాగి ఎవరైనా కొలవొచ్చు.

మరి ఏది చెల్లాలి? భూమి రిజిస్ట్రేషన్ కాగితాలు చదివే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు దీనికి జవాబు తెలుసు. దస్తావేజులో విస్తీర్ణం ఒకటి, చెక్కుబంది ఒకటి ఉన్నాయి. రెండూ పొసగకపోతే సాధారణంగా చెక్కుబందే నిలుస్తుంది. తూర్పున వాగు, పడమర ఫలానావారి చేను అన్నది మనుషులు చూసి, నడిచి ఒప్పుకున్న హద్దు. ఆటలోనూ అదే పద్ధతి ఉండాలని నా గట్టి అభిప్రాయం. టేబుల్ దగ్గర అందరూ ఆడి ఒప్పుకున్నది నిలవాలి, కాగితం మీది కొలత దానికి సర్దుకోవాలి.

మా తగువు అలాగే తేలింది. దండు మూడు రోజుల తిండితో కోట దాటింది. కొత్త మ్యాప్ ప్రకారం నాలుగో రోజు ఆకలి మొదలై పాత్రల బలం తగ్గాలి. పాత సెషన్ నోట్స్ తిరగేస్తే, ఇదే దారిలో ఇంతకు ముందు ఒకసారి వెళ్ళినప్పుడు కూలిన మంటపం దగ్గర ఒక్క రాత్రే మజిలీ చేసినట్టు ఉంది. ఆడినది రెండు రోజుల దారి, కాబట్టి రెండు రోజులే. కొత్త మ్యాప్‌లోని వాగు, మంటపం, చెక్‌పోస్టు అన్నీ ఉన్నచోటే ఉంచి స్కేలు ఒక్కటే మార్చాం.

నాలుగు రోజుల లెక్కను కూడా పారేయలేదు. ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి బస్సు దోర్నాల మీదుగా చుట్టి వెళుతుంది. ఉగాదికి నడిచే కన్నడ భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవిలో పడి పోతారు. గుడి ఒకటే, దూరాలు రెండు, రెండూ నిజం. మా కనుమకూ నాలుగు రోజుల బండిదారి అలా వచ్చింది. ఇంకో చోట ఒక గుడి ఒక మ్యాప్‌లో ఒడ్డున, మరో మ్యాప్‌లో నది మధ్యలో ఉంది. శ్రీశైలం జలాశయం నిండితే సంగమేశ్వరం గుడి మునిగిపోతుంది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడుతుంది. ఇది చూసినవాళ్ళం కాబట్టి రెండు మ్యాపులకూ నెలల పేర్లు రాశాం. ఎవరూ అలగలేదు.

ఇప్పుడు ప్రతి మ్యాప్ మూలన గీసినవారి పేరు, తేదీ, దూరం నడకదా బండిదా అన్నది తప్పనిసరి. ఇక మిగిలింది బెలుం గుహల ధోరణిలో గీసుకున్న మాళిగ. దాని సగం పాత పుస్తకాల పద్ధతిలో పది అడుగుల గడుల్లో ఉంది, సగం 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచి అలవాటైన ఐదు అడుగుల గడుల్లో ఉంది. అందులోకి ఇంకా ఎవరూ అడుగుపెట్టలేదు కాబట్టి ఏ కొలత తీసుకోవాలన్నది పూర్తిగా డీఎం ఇష్టం. దండు గుహ ముఖద్వారం చేరేలోగా ఆయన చెబితే చాలు.