లెక్క సరే, ఆట ఎవరి ఊళ్లో?

2015 మార్చిలో అమెరికా కాలేజీ ఐస్ హాకీ జాతీయ టోర్నమెంట్‌కు ప్రావిడెన్స్ కాలేజీ జట్టు అంచు మీద నుంచి లోపలికొచ్చింది. తన గ్రూపులో ఆఖరిదైన నాలుగో సీడ్ దక్కింది. మొదటి మ్యాచ్ ఒకటో సీడ్ మయామీతో (ఫ్లోరిడాది కాదు, ఒహాయోలోది). ఆడింది మాత్రం ప్రావిడెన్స్ నగరంలోనే! సీజనంతా చెమటోడ్చి పై వరసకెక్కిన జట్టేమో దూరం నుంచి రావాలి, చివర్లో చేరిన జట్టుకు సొంత ఊరి జనం ఈలలు. ప్రావిడెన్స్ 7-5తో గెలిచింది. ఆ ఊపులో టైటిల్ కూడా పట్టుకుపోయింది.

ఎవరిని ఎంచాలి, ఎక్కడ ఆడించాలి అన్న ఈ పేచీ ఇప్పటిది కాదు. 1948లో టోర్నమెంట్ మొదలైనప్పుడు ఆడింది నాలుగే జట్లు, తూర్పు నుంచి రెండు, పడమర నుంచి రెండు. ఎవరిని పిలవాలో కమిటీ పెద్దలే తేల్చేవారు. మొదటి పదేళ్లూ పోటీలు కొలరాడో స్ప్రింగ్స్‌లోని బ్రాడ్‌మూర్ మంచు మైదానంలోనే జరిగాయి. అదే ఊరి జట్టు కొలరాడో కాలేజ్ 1950లో, 1957లో అక్కడే కప్పు గెలిచింది.

జట్ల సంఖ్య 1981లో ఎనిమిదికి, 1988లో పన్నెండుకి, 2003లో పదహారుకి పెరిగింది. చోట్లు పెరిగితే గొడవ తగ్గాలి కదా? తగ్గలేదు. కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) టోర్నమెంట్ గెలిచిన జట్లకు నేరుగా ప్రవేశం ఉంటుంది. మిగతా చోట్లను ఎవరి ఇష్టానికీ వదలకూడదని ‘పెయిర్‌వైజ్’ అనే లెక్క పెట్టారు. ప్రతి జట్టునూ మిగతా ప్రతి జట్టుతో జత కట్టి పోల్చేవారు. ముఖాముఖి ఫలితాలు, ఇద్దరూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థులపై ఫలితాలు, ఆర్‌పీఐ అనే సూచీ చూసేవారు. ఆ సూచీలో సొంత గెలుపుల వాటా 25 శాతమే. 21 శాతం ప్రత్యర్థుల గెలుపులది, 54 శాతం ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులది. అంటే మీ జాతకంలో ముప్పావు భాగం పక్కవాళ్ల చేతిలో ఉండేది. బలహీనమైన జట్టును ఓడిస్తే సూచీ పడిపోయే విచిత్రం కూడా ఉండేది. అలాంటి గెలుపులను లెక్కలోంచి తీసేసి అతుకు వేశారు. 2013-14 నుంచి బయటి ఊళ్లో గెలుపును 1.2గా, సొంత మైదానంలో గెలుపును 0.8గా చూడటం మొదలైంది. సొంత గడ్డ ఎంత బలమో లెక్కే ఒప్పుకుందన్నమాట.

ఈ పద్ధతిలో ఒక మంచి ఉండేది. జాబితా బయటికి రాకముందే ఎవరు లోపలో ఎవరు బయటో అభిమానులు ఇంట్లోనే లెక్కేసుకోగలిగేవారు. మన క్రికెట్ అభిమానులు నెట్ రన్‌రేట్ కోసం కాలిక్యులేటర్ పట్టుకున్నట్టే. లెక్క తేల్చిన ర్యాంకును మంచు మీద జట్లు లెక్కచెయ్యవు, అది వేరే సంగతి. 2013లో ఆఖరి చోట్లలో లోపలికొచ్చిన యేల్, ఆ సీజన్‌లో తనను మూడుసార్లు ఓడించిన టాప్ సీడ్ క్వినిపియాక్‌నే ఫైనల్లో 4-0తో చిత్తు చేసింది.

నా దృష్టిలో ఎంపిక పద్ధతి మరీ అన్యాయంగా లేదు. చిక్కంతా జట్లను ఊళ్లకు పంచడంలోనే. తొలి దశ పోటీలు నాలుగు నగరాల్లో ముందే ఖాయమైపోతాయి. ఆతిథ్యం ఇచ్చే కాలేజీ అర్హత సాధిస్తే దాన్ని అక్కడే ఆడించాలి. మొదటి రౌండ్‌లో ఒకే కాన్ఫరెన్స్ జట్లు తలపడకుండా చూడాలి. ఆపైన టికెట్లు అమ్ముడుపోవాలి! 2015లో ప్రావిడెన్స్ నగరంలో ఆతిథ్యం ఇచ్చింది బ్రౌన్ యూనివర్సిటీ. కాబట్టి ప్రావిడెన్స్ కాలేజీని అక్కడే ఆడించి తీరాలన్న నిబంధనేమీ లేదు, ఖాళీ కుర్చీల టెన్షన్ తప్ప.

1980లలో తొలి రౌండ్లు పై సీడ్ జట్ల క్యాంపస్‌లలోనే జరిగేవి. మహిళల టోర్నమెంట్‌లో క్వార్టర్ ఫైనల్స్ ఇప్పటికీ అలాగే జరుగుతున్నాయి. పురుషులకూ అదే మేలని కొందరు కోచ్‌లు ఏళ్లుగా అడుగుతున్నారు. 2025-26 సీజన్‌కు పెయిర్‌వైజ్‌ను పక్కనపెట్టి ఎన్‌పీఐ అనే కొత్త సూచీ తెచ్చారు. ఊళ్ల పంపకం మాత్రం పాత పద్ధతిలోనే ఉంది.