నవీ ముంబై: విమానాశ్రయం పేరు వెనుక అర్ధశతాబ్దపు భూపోరాటం

2025 అక్టోబరు 8న నవీ ముంబై విమానాశ్రయాన్ని ప్రారంభించారు. దానికి దినకర్ బాలు పాటిల్ పేరు పెట్టాలని స్థానికులు ఏళ్ల తరబడి అడుగుతున్నా, ఆ రోజుకు పేరు ఖరారు కాలేదు. నెరూల్ క్రికెట్ స్టేడియం పేరులోని డి.వై. పాటిల్ వేరు, ఈయన వేరు. ఈయన న్యాయవాది, రైతు నాయకుడు. ఆయన పేరు కోసం జనం ఎందుకింత పట్టుబడుతున్నారో తెలియాలంటే ఆ నగరం పుట్టిన నాటికి వెళ్లాలి.

ఇరుకు దీవి మీద ఊపిరాడక ఉత్తరానికే సాగిపోతున్న బొంబాయికి తూర్పున, సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున మరో నగరం కట్టాలని 1965లో వాస్తుశిల్పులు చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా, ఇంజినీరు శిరీష్ పటేల్ ప్రతిపాదించారు. ఆ నగరం కట్టడానికి 1970లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ సిడ్కో ఏర్పడింది. దాదాపు 344 చదరపు కిలోమీటర్లు, 95 గ్రామాలు ప్రణాళికలోకి వచ్చాయి. 1973లో ముంబైతో కలిపే వాశి వంతెన వచ్చింది కానీ, రైలు రావడానికి 1992 దాకా పట్టింది. సచివాలయం కొత్త నగరానికి తరలివస్తుందన్న ఆశా తీరలేదు. ప్రభుత్వం నారీమన్ పాయింట్ దగ్గర సముద్రాన్ని పూడ్చి, ఆఫీసులను పాత నగరంలోనే పెంచింది. ప్రణాళికకు అసలు దెబ్బ అదే. ఆ తర్వాత టోకు మార్కెట్లు, వాశి స్టేషన్, బేలాపూర్‌లో కొరియా రూపొందించిన ‘కళాకారుల గ్రామం’ ఇళ్ల సముదాయం నగరానికి ముఖం తెచ్చిపెట్టాయి.

అయితే ఆ నేల ఖాళీ నేల కాదు. ఆగ్రీ, కోళీ అనే స్థానిక కులాలవాళ్లు అక్కడ వరి పండించారు, ఉప్పు మళ్లు సాగు చేశారు, చేపలు పట్టారు. పొలాలు పోతుంటే వచ్చే పరిహారం ఏ మూలకూ చాలలేదు. రైతులు, కార్మికుల పార్టీ (పీడబ్ల్యూపీ) నేతగా పన్వేల్ నుంచి పలుమార్లు శాసనసభకు వెళ్లిన పాటిల్ వారి పక్షాన నిలిచారు. 1984 జనవరిలో ఉరణ్ తాలూకా జాసయీ పరిసరాల్లో ఆందోళనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఐదుగురు రైతులు చనిపోయారు. తీసుకున్న భూమిలో పన్నెండున్నర శాతాన్ని అభివృద్ధి చేసిన ప్లాట్ల రూపంలో తిరిగి ఇచ్చే పథకం ఈ పోరాట ఫలితమే. దేశంలో భూమి కోల్పోయిన రైతుకు నగరంలో వాటా దక్కిన తొలినాటి ఉదాహరణల్లో దీన్ని తప్పక చెప్పుకోవాలి.

పాటిల్ 2013లో కన్నుమూశారు. విమానాశ్రయం కోసం ఉల్వే కొండను తవ్వి చదును చేశారు, నది దారి మళ్లించారు, మరికొన్ని ఊళ్లను ఖాళీ చేయించారు. 2021లో సిడ్కో ఆ విమానాశ్రయానికి బాల్ ఠాక్రే పేరు ప్రతిపాదించగానే పాత గాయం రేగింది. ఆ జూన్‌లో మానవహారం కట్టారు, పాటిల్ వర్ధంతి నాడు వేలాదిగా బేలాపూర్‌లోని సిడ్కో కార్యాలయం వైపు కదిలారు. 2022లో రాష్ట్ర మంత్రివర్గం పాటిల్ పేరుకే ఆమోదం తెలిపింది, కానీ తుది నిర్ణయం కేంద్రానిది.

పేరుతోపాటు మరో డిమాండూ ఉంది. పొలాలన్నీ పోయాక పిల్లలు, మనవలతో పెరిగిన కుటుంబాలు గ్రామకంఠంలోనూ, దాని అంచుల్లోనూ ఇళ్లు కట్టుకున్నాయి. వాటిలో చాలావాటికి అక్రమ నిర్మాణాలన్న ముద్ర పడింది. ఆ ఇళ్లను, వాటి కింది నేలతో సహా, తమ పేరున రాసివ్వాలని ఊళ్లవాళ్లు కోరుతున్నారు.