సొరచేపకు ఎముకలు ఎందుకు లేవు?

ఉత్తర తెలంగాణకు సముద్రతీరం లేదు. అయినా ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత-గోదావరి లోయలో, మలేరి పొరలని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే ఎర్రమట్టి రాళ్లలో, 20 కోట్ల ఏళ్లకు పైబడిన మంచినీటి సొరచేపల ఆనవాళ్లు దొరికాయి. వాటిలో ముఖ్యమైనవి పళ్లు. ఇదే లోయలో, కొంత తర్వాతి కాలానికి చెందిన కోట పొరల్లో, యామన్‌పల్లి దగ్గర బయటపడిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు మాత్రం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలువెత్తు అస్థిపంజరంగా కూర్చడానికి సరిపోయాయి. ఎముక శిలాజంగా నిలిచినంత సులువుగా మృదులాస్థి నిలవదు. సొరచేప ఒంట్లో ఉన్నది మృదులాస్థే.

ఎదిగిన మనిషి దేహంలో 206 ఎముకలుంటాయి. సొరచేపలో ఒక్కటి కూడా లేదు. దాని పుర్రె, దవడలు, వెన్ను, రెక్కల ఆధారాలు అన్నీ మన చెవి డొప్పలోనూ ముక్కు కొనలోనూ ఉండే పదార్థంతోనే తయారవుతాయి. నిజానికి తల్లి గర్భంలో మన అస్థిపంజరం కూడా చాలావరకు మృదులాస్థిగానే మొదలై, క్రమంగా ఎముకగా మారుతుంది. వరంగల్‌లోని ఏ ఎముకల ఆసుపత్రిలోనైనా పదేళ్ల పిల్లవాడి మోకాలి ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూస్తే, తొడ ఎముకకూ దాని చివరి భాగానికీ మధ్య సన్నని నల్లటి గీత కనిపిస్తుంది. అది విరుగు కాదు, ఇంకా ఎముకగా మారని మృదులాస్థి పొర. పిల్లవాడు పొడవు పెరిగేది అక్కడే. ఎదుగుదల పూర్తయ్యాక ఆ గీత మాయమవుతుంది.

అలాగని సొరచేప అస్థిపంజరం చెవి డొప్పంత మెత్తగా ఉంటుందనుకుంటే పొరపాటు. దాని మృదులాస్థి పైభాగాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే, గచ్చు మీద బిళ్లలు పరిచినట్టు, చాలావరకు మిల్లీమీటరు కన్నా చిన్నవైన గట్టి పలకలు ఒకదాని పక్కన ఒకటి అమరి ఉంటాయి. మన ఎముకను గట్టిపరిచే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజమే వాటిలోనూ ఉంటుంది. పలకలను నారపోగులు కలిపి పట్టి ఉంచుతాయి కాబట్టి, పైభాగం గట్టిగా ఉంటూనే ఒళ్లు విరగకుండా వంగుతుంది. చేప పెరిగేకొద్దీ ప్రతి పలకా తన అంచుల వెంట పెరుగుతుంది.

ఎముకతో పోలిస్తే మృదులాస్థి బాగా తేలిక, ఆ తేలికతనం సొరచేపకు ఎంతో అవసరం. మన చెరువుల్లోని రవ్వ, బొచ్చె, కొర్రమీనులకు నీటిలో తేలడానికి లోపల గాలితిత్తి ఉంటుంది. సొరచేపకు అది లేదు. ఆ లోటును నూనెతో నిండిన కాలేయం కొంత తీరుస్తుంది. కొన్ని జాతుల్లో అది ఒంటి బరువులో నాలుగో వంతు దాకా ఉంటుంది. మనలా గుండెనూ ఊపిరితిత్తులనూ కాచే పక్కటెముకల గూడు దానికి లేదు. నీటిలో ఆ గూడు అక్కర్లేదు కానీ, పెద్ద సొరచేపను ఒడ్డున పడేస్తే దాని బరువే లోపలి అవయవాలను నొక్కేస్తుంది.

దవడల్లోని తేడా మరింత ఆసక్తికరం. పై పెదవి మీద వేలు ఆనించి నోరు తెరిచి చూడండి: కదిలేది కింది దవడే, పైది పుర్రెలో భాగమైపోయింది. సొరచేప పై దవడ మాత్రం పుర్రెకు అతుక్కోకుండా బంధనాలతో వేలాడుతుంది, కరిచేటప్పుడు ముందుకు పొడుచుకువస్తుంది. పళ్లు దవడలో పాతుకుని ఉండవు; చిగురు కణజాలంలో వరుసలుగా పుడుతూ, ముందువి రాలగానే వెనకవి ఆ చోటికి జరుగుతాయి. మనకు 20 పాలపళ్లు, తర్వాత 32 శాశ్వత దంతాలు, అంతటితో సరి. సొరచేప చర్మం మీది పొలుసులు కూడా నిర్మాణంలో పళ్లే, లోపల గుజ్జు, చుట్టూ దంతధాతువు, పైన గట్టి పూత. అందుకే తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగానూ, ఎదురు నిమిరితే గరుకుగానూ ఉంటుంది.

ఎముక లేదంటే మూలుగ కూడా లేనట్టే. మనకు రక్తకణాలు తయారయ్యేది మూలుగలో. సొరచేపలో ఆ పనిని ప్లీహం, అన్నవాహిక గోడలోనూ బీజకోశాల పక్కనా ఉండే ప్రత్యేక కణజాలాలు చేస్తాయి.

మృదులాస్థి పాతకాలపుదనీ, ఎముక తర్వాత వచ్చిన మెరుగనీ చాలాకాలం భావించారు. మంగోలియాలో దొరికిన, దాదాపు 41 కోట్ల ఏళ్ల నాటి మిన్‌జీనియా అనే చేప పుర్రెను పరిశీలించి 2020లో ప్రచురించిన పరిశోధన ఆ వరుసను ప్రశ్నించింది. సొరచేపల వంశం, మనం పుట్టిన ఎముక చేపల వంశం విడిపోకముందే చీలిన శాఖకు చెందిన ఆ చేప పుర్రె లోపల ఎముక ఉంది. సొరచేపల పూర్వీకులకు ఎముక ఉండి, తర్వాతి తరాలు దాన్ని వదులుకుని ఉంటాయన్నది దాన్నిబట్టి బలపడుతున్న అభిప్రాయం. సొరచేపను అసంపూర్ణ జీవిగా చూడటం సరికాదని నేను అనడానికి ఆధారం ఇదే.