కొలెస్ట్రాల్ బిళ్ళ షుగర్ పెంచుతుందట కదా డాక్టర్ గారూ?

పోయిన వారం ఓపీకి ఒక భార్యాభర్తలొచ్చారు. ఆయనకి పన్నెండేళ్ళుగా షుగర్. ఆవిడ సంచీలోంచి మందులన్నీ తీసి బల్ల మీద పరిచారు. మెట్‌ఫార్మిన్ స్ట్రిప్ ఖాళీ, బీపీ మందు రెండే మిగిలాయి, కొలెస్ట్రాల్‌కి రాసిన స్టాటిన్ రకం బిళ్ళ, అటోర్వాస్టాటిన్ మాత్రం పదికి తొమ్మిది అలాగే ఉన్నాయి. బిల్లు చూస్తే నాలుగు నెలల కిందటిది. నేను అడగకముందే ఆవిడే, "అది షుగర్ పెంచుతుందటండీ, మా వియ్యంకుడు గారు చెప్పారు, అందుకే నేనే ఆపించేశాను" అన్నారు.

ఈ మాట వారంలో ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు. ఆవిడ మీద కోపం రాలేదు, మొగుడి మీద ప్రేమతో చేసిన పని. కోపమంతా సగం చదివి వాట్సాప్‌లో పంపేవాళ్ళ మీదే.

అపోహ: షుగర్ ఉన్నవాళ్ళు స్టాటిన్ వాడకూడదు, షుగర్ పెరిగిపోతుంది

పూర్తిగా అబద్ధమైతే ఒక్క మాటలో కొట్టిపారేసేవాణ్ణి. ఇందులో కొంత నిజం ఉంది, చిక్కంతా అక్కడే. 2010లో పదమూడు పరిశోధనలు, 91 వేల మంది వివరాలు కలిపి చూస్తే, 255 మంది నాలుగేళ్ళు స్టాటిన్ వాడితే అదనంగా ఒక్కరికి షుగర్ వచ్చినట్టు తేలింది. 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు లేబుల్ మీద కూడా షుగర్ సంగతి చేర్పించింది. అలా కొత్తగా షుగర్ బయటపడేది ఎక్కువగా అప్పటికే బోర్డర్‌లో ఉన్నవాళ్ళకి.

మీకు షుగర్ ఎప్పుడో వచ్చేసింది. కాబట్టి మీరు అడగాల్సింది, ఉన్నది ఎంత పెరుగుతుంది అని. మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ) సగటున 0.1 దాకా. అంటే 7.4 ఉన్నది 7.5. పెళ్ళిళ్ళ సీజన్ దాటాక వచ్చే రిపోర్టుల్లో నేను ఇంతకంటే ఎక్కువే చూస్తుంటాను, అప్పుడు ఎవరూ పెళ్ళి భోజనాలు మానేయరు. పెరిగిన ఆ కాస్తకి షుగర్ మందు సర్దుకోవచ్చు, సాయంత్రం ఇంకో పావుగంట నడవొచ్చు. గుండె రక్తనాళం మూసుకుపోతే అలా సర్దుకునేది ఏమీ ఉండదు.

రెండో వైపు కూడా చూడండి. బ్రిటన్, ఐర్లండ్‌లలో కార్డ్స్ అనే పరిశోధన జరిగింది, 2004లో ఫలితాలు వచ్చాయి. షుగర్ ఉండి, గుండెజబ్బు ఇంకా రాని 2,838 మంది. సగం మందికి అటోర్వాస్టాటిన్ 10, సగం మందికి మందు లేని ఉత్తి బిళ్ళ. మందు వేసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తక్కువ. తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే పరిశోధనని అనుకున్నదానికంటే రెండేళ్ళు ముందే ఆపేశారు. ఇంకో మాట, వాళ్ళకేమీ కొలెస్ట్రాల్ విపరీతంగా లేదు. "మా ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) నార్మలే కదండీ" అనేవాళ్ళకి నా జవాబు కూడా ఇదే. ల్యాబ్ కాగితం మీద అచ్చేసిన నార్మల్ అందరికీ కలిపి వేసింది, షుగర్ ఉన్న చాలామందికి మేం 70 లోపు ఉండాలని చూస్తాం. బిళ్ళ వేసుకుంటున్నందువల్లే నార్మల్ వచ్చినవాళ్ళు ఇక చాలని ఆపేయడం గురించి అయితే ఏం చెప్పను!

అపోహ: కాళ్ళ నొప్పులన్నీ ఈ బిళ్ళ వల్లే

నాకూ షుగర్ ఉంది, రాత్రి పూట రోసువాస్టాటిన్ 10 వేసుకుంటాను. మొదలుపెట్టిన నెలలో మెట్లెక్కుతుంటే తొడలు పట్టేసేవి. ఇంకేముంది, మందు దెబ్బేనని ఖాయం చేసుకున్నాను. ఆ వారమే మా అమ్మాయి పోరు పడలేక ఇరవై ఏళ్ళ తర్వాత షటిల్ రాకెట్ పట్టుకున్న సంగతి గుర్తే రాలేదు. డాక్టర్ బుర్రే ఇలా పనిచేస్తే మిగతావాళ్ళని ఏమంటాం? సుమారు 1,24,000 మంది లెక్కలు తీస్తే, ఉత్తి బిళ్ళ మింగినవాళ్ళలో 26.6 శాతం మంది కండరాల నొప్పులో నీరసమో ఉందన్నారు, స్టాటిన్ మింగినవాళ్ళలో 27.1 శాతం. తేడా ఉంది, కానీ అంతే.

షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళకి వేరే కారణాలు బోలెడు. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు నరాలవి, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గి వచ్చేవి కూడా కావచ్చు. రిటైరైన ఒక కండక్టర్ గారు పిక్కలు లాగుతున్నాయని సొంతంగా స్టాటిన్ మానేసి ఏడాదికి నా దగ్గరికొచ్చారు. ఎప్పుడు లాగుతాయండీ అంటే, రైతుబజార్‌కి నడిచేటప్పుడు సరిగ్గా టైలర్ కొట్టు దగ్గరికొచ్చేసరికి పట్టేస్తాయి, ఆ అరుగు మీద రెండు నిమిషాలు కూర్చుంటే పోతాయి అన్నారు. కుడి పాదం మీద వేలు పెట్టి చూస్తే నాడి అందలేదు. రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్‌లో కాలి రక్తనాళం సన్నబడిపోయి కనిపించింది. అంటే ఏ మందు అందరికంటే ఆయనకి ఎక్కువ అవసరమో, దాన్నే ఆ నొప్పి పేరు చెప్పి మానేశారు.

నిజంగా మందు వల్ల వచ్చే నొప్పీ ఉంది, లేదనను. సాధారణంగా మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన కొద్ది వారాల్లో, రెండు వైపులా, తొడలూ భుజాలూ. అప్పుడు సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), థైరాయిడ్ చూస్తాం. థైరాయిడ్ తక్కువుంటే ముందు దాని పని పడతాం. కొన్నాళ్ళు బిళ్ళ ఆపి, తక్కువ డోసుతోనో ఇంకో స్టాటిన్‌తోనో మళ్ళీ మొదలుపెడతాం, అదీ పడకపోతే ఎజెటిమైబ్ లాంటి, స్టాటిన్ కాని కొలెస్ట్రాల్ మందులు ఉన్నాయి.

మిగతావి గబగబా

లివర్ పాడవుతుందా? ఎంజైములు కాస్త పెరగొచ్చు, మామూలు ఫ్యాటీ లివర్ ఉందని ఆపక్కర్లేదు. కిడ్నీలు? పాడుచేయదు, జబ్బు ముదిరినవాళ్ళకి రోసువాస్టాటిన్ డోసు తగ్గిస్తాం. వెల్లుల్లి, మెంతులు? కూరలో వేసుకోండి.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. ఒళ్ళంతా విపరీతమైన నొప్పి, నీరసం, మూత్రం కోలా రంగులో రావడం చాలా అరుదు, కానీ వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. అటోర్వాస్టాటిన్ వాడుతూ దగ్గుకి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీసుకుంటే ఆ ప్రమాదం పెరుగుతుంది, కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా ఈ బిళ్ళ పేరు చెప్పండి. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్ళు ముందే చెప్పాలి.

ఆ భార్యాభర్తలకి ఇదంతా చెప్పేసరికి బయట క్యూలో గొణుగుడు మొదలైంది. లేస్తూ లేస్తూ ఆవిడ, "వియ్యంకుడు గారికీ షుగరేనండీ, ఏడాదిగా ఆయనా వేసుకోవడం లేదు" అన్నారు. శుక్రవారం తీసుకొస్తానన్నారు.