మెల్‌బోర్న్‌లో ఓడితే హనుమకొండలో పంచాయితీ

2024 డిసెంబర్ 30, సోమవారం. ఆస్ట్రేలియాతో మెల్‌బోర్న్ టెస్టు చివరి రోజు టీ విరామానికి భారత్ మూడు వికెట్లకు 112. క్రీజులో జైస్వాల్, పంత్ పాతుకుపోయి ఉన్నారు. హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానం దగ్గరి టీ కొట్టులో ఒకే ఫోను చుట్టూ మూగిన పది మందిమి ఇక డ్రా ఖాయమని నిశ్చింతగా రెండో టీ చెప్పుకున్నాం. కాసేపటికే పంత్ అక్కరలేని షాట్ కొట్టి లాంగాన్‌లో దొరికిపోయాడు. అక్కడి నుంచి ఏడు వికెట్లు 34 పరుగులకు రాలిపోయాయి. మొత్తం 155, ఓటమి 184 పరుగుల తేడాతో. మధ్యాహ్నం భోజనాల వేళకు పంచాయితీ మొదలైంది. గిల్‌ను ఎందుకు తప్పించారు? రోహిత్ ఎందుకు తప్పుకోడు? అశ్విన్ సిరీస్ మధ్యలో వీడ్కోలు చెప్పి వెళ్లిపోతుంటే ఆపేవారే లేరా? ఈ అరుపుల నడుమ అందరూ ఒప్పుకున్న సంగతి ఒక్కటే. రెండు రోజుల ముందు అదే మైదానంలో సెంచరీ కొట్టి, చివరికి 114 చేసిన నితీశ్ కుమార్ రెడ్డి మనవాడు.

విశాఖ కుర్రాడు వరంగల్‌కు మనవాడు ఎలా అయ్యాడని ఆ రోజు ఎవరూ అడగలేదు. జట్టు ఎంపిక మీద ఈ ప్రాంతంలో జరిగే వాదాలకు మూలం ఆ ఒక్క మాటలోనే ఉంది. గెలిచిన రోజున ‘మనవాడు’ దేశమంత విశాలం. ఓడిన రోజున రాష్ట్రానికి, భాషకు కుదించుకుపోతాడు. రాష్ట్రాల మధ్య జరిగే రంజీ పోటీకి జట్టు ప్రకటించిన రోజున జిల్లా పొలిమేర దాటడు. ఈ కుదింపు ఇప్పటిది కాదు, జట్టును ఎంచే పద్ధతిలోనే మొదటి నుంచీ ఉంది.

భారత క్రికెట్ బోర్డు ఉత్తర, దక్షిణ, తూర్పు, పడమర, మధ్య జోన్లకు ఒక్కో సెలెక్టర్ చొప్పున ఐదుగురిని కూర్చోబెట్టే ఆనవాయితీని దశాబ్దాల పాటు నడిపింది. హైదరాబాద్, ఆంధ్ర రెండూ దక్షిణంలోనే ఉన్నా, అక్కడ తమిళనాడు, కర్ణాటకలతో పోటీ పడాలి. నీవాడికి నేను, నావాడికి నువ్వు అన్న బేరం ఆ గదిలో జరుగుతుందని అభిమాని గట్టిగా నమ్ముతాడు. 1988లో తనను తప్పించినప్పుడు మొహిందర్ అమర్‌నాథ్ సెలెక్టర్లను జోకర్ల గుంపు అని బాహాటంగానే తిట్టాడు. బోర్డు సంస్కరణల కోసం వేసిన లోధా కమిటీ సిఫారసులను 2016లో సుప్రీంకోర్టు ఆమోదించడంతో జోన్లు పోయి ముగ్గురు సెలెక్టర్ల పద్ధతి వచ్చింది. 2018లో మళ్లీ ఐదుగురయ్యారు. ఆనవాయితీ మాత్రం పోలేదు. 2023లో అజిత్ అగార్కర్ రాకతో పశ్చిమానికి ఇద్దరయ్యారు. 2024లో వారిలో ఒకరైన సలీల్ అంకోలా స్థానాన్ని ఉత్తరాదికి చెందిన అజయ్ రాత్రాకు ఇచ్చి లెక్క సరిచేశారు. 2025 సెప్టెంబర్‌లో దక్షిణం నుంచి కమిటీలోకి వచ్చిన ప్రజ్ఞాన్ ఓఝా హైదరాబాద్‌కు ఆడినవాడే. ఇక మనకు న్యాయం జరుగుతుందని మా టీ కొట్టులో ఒకరిద్దరు అప్పుడే సంబరపడ్డారు కూడా.

అన్యాయమంతా మనకే జరిగిందని చెప్పుకోవడం మనకు ఇష్టం. కానీ పర్యటన జట్టు మీద దేశంలో మొట్టమొదట రేగిన పెద్ద రభసకు కారకుడు విజయనగరం సంస్థానపు రాకుమారుడు ‘విజ్జీ’. 1936 ఇంగ్లండ్ పర్యటనకు ఆయన కెప్టెన్. మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. జట్టులో అందరికంటే బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. దేశపు తొలి టెస్టు కెప్టెన్, నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు, ఆ విజ్జీ కింద ఆడవలసి వచ్చింది. ఈ కథలో ఎవరు మనవాడో తేల్చమంటే టీ కొట్టు కాసేపు మూగబోతుంది.

మా నాన్న కాజీపేటలో రైల్వే ఉద్యోగి. క్రికెట్ మాట వస్తే ఆయన నోట వచ్చే మొదటి పేరు ఎం.ఎల్.జయసింహ. 1967-68 ఆస్ట్రేలియా పర్యటనకు సెలెక్టర్లు జయసింహను మొదట తీసుకోలేదు. మొదటి రెండు టెస్టులు పోయాయి, స్పిన్నర్ చంద్రశేఖర్ గాయపడ్డాడు. అతని బదులు సికింద్రాబాద్ నుంచి జయసింహను పిలిపించారు. బౌలర్ స్థానంలో బ్యాట్స్‌మన్ ఏమిటన్న వాదన కొసరు. టెస్టుకు కొద్ది రోజుల ముందు విమానం దిగి, కొత్త పిచ్‌ల మీద సరిగ్గా అలవాటైనా పడకుండా బ్రిస్బేన్‌లో ఆడి 74, 101 పరుగులు చేశాడు. 395 లక్ష్యానికి భారత్ 355 దాకా వెళ్లి 39 పరుగుల తేడాతో ఓడింది. రేడియో ఆస్ట్రేలియాను షార్ట్‌వేవ్‌లో పట్టుకుని, గరగర మధ్య ఆ సెంచరీ విన్నానని నాన్న చెప్పేవారు. చివరి వికెట్ పడిన మాట కంటే ముందు స్టేషన్ జారిపోయిందట. ఓడిపోయామని మర్నాడు పేపర్‌లో చూశారట. “మొదటి నుంచీ తీసుకుని ఉంటే సిరీస్ మరోలా ఉండేది” అన్నది ఆయన జీవితాంతం మార్చుకోని తీర్పు. ఆ సిరీస్‌ను 0-4తో పోగొట్టుకున్న పటౌడీ జట్టే అక్కడి నుంచి న్యూజిలాండ్ వెళ్లి 3-1తో నెగ్గిందని, విదేశాల్లో భారత్‌కు అదే తొలి సిరీస్ విజయమని గుర్తు చేస్తే వినేవారు కాదు.

మూడేళ్లకు 1971లో వెస్టిండీస్ పర్యటన. ఎంపిక సంఘం చైర్మన్ విజయ్ మర్చంట్ తన అదనపు ఓటుతో పటౌడీని దించి వాడేకర్‌ను కెప్టెన్ చేశాడు. పటౌడీ అప్పటికి రంజీల్లో హైదరాబాద్ ఆటగాడు, కాబట్టి ఇక్కడ అది సొంత ఇంటి గాయమే. కానీ ఆ జట్టులో హైదరాబాద్ వాళ్లు ఐదుగురు ఉన్నారు. జయసింహ, ఆబిద్ అలీ, వికెట్ కీపర్ పి.కృష్ణమూర్తి, జయంతీలాల్, గోవింద్‌రాజ్. మళ్లీ అంతమంది ఒక్కసారిగా వెళ్లిన పర్యటన నాకు తెలిసి లేదు. గోవింద్‌రాజ్‌కు ఆ పర్యటనలోనే కాదు, తర్వాతి ఇంగ్లండ్ పర్యటనలోనూ ఒక్క టెస్టు దక్కలేదు. జయంతీలాల్‌కు దక్కింది ఒక్కటే. గావస్కర్ వేలి గాయంతో కూర్చున్న కింగ్‌స్టన్‌లో ఆడి 5 పరుగులు చేశాడు. తర్వాతి నాలుగు టెస్టుల్లో గావస్కర్ 774 చేశాడు. ఇంకేం అడుగుతారు? భారత్ 1-0తో సిరీస్ నెగ్గింది. గెలుపు వచ్చాక మర్చంట్ ఓటును తప్పుపట్టినవాడు లేడు. ఎంపిక మంచిదో చెడ్డదో స్కోరు బోర్డే వెనక్కి వెళ్లి నిర్ణయిస్తుంది.

1997 నాటికి కేబుల్ టీవీలు వచ్చాయి, వెస్టిండీస్ మ్యాచ్‌లు రాత్రి మేలుకుని చూడడం అలవాటైంది. బార్బడోస్‌లో 120 కొడితే చాలన్న చోట 81కే కుప్పకూలిన రాత్రి అందరికీ గుర్తే. ఆ పర్యటనలోనే గాయపడిన శ్రీనాథ్ స్థానంలో హైదరాబాద్ నుంచి నోయెల్ డేవిడ్ వెళ్లాడు. వేగవంతుడి బదులు ఆఫ్ స్పిన్నర్. కెప్టెన్ టెండూల్కర్ “నోయెల్ ఎవరు?” అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అన్నాడో లేదో గాని, పాపం డేవిడ్ నాలుగు వన్డేలతోనే ఆగిపోయాడు, ఆ ప్రశ్న మాత్రం అతని పేరుకు శాశ్వతంగా అతుక్కుంది. ఫీల్డింగ్‌లో అతని చురుకుదనం చూసినవారికి ఆ కథ ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

లక్ష్మణ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2003 ప్రపంచ కప్‌కు అతన్ని కాదని దినేశ్ మోంగియాను తీసుకున్నారు. 134 టెస్టులాడిన లక్ష్మణ్ ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు. అంతే.

అసలు చిక్కు అంబటి రాయుడితో వచ్చింది. 2018 చివర్లో నాలుగో స్థానం అతనిదేనని కెప్టెన్ కోహ్లీ బహిరంగంగా చెప్పాడు. 2019 ఏప్రిల్‌లో ప్రపంచ కప్ జట్టు ప్రకటించేసరికి రాయుడు లేడు, విజయ్ శంకర్ ఉన్నాడు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడు కోణాల్లోనూ (త్రీ డైమెన్షన్స్) పనికొస్తాడన్నది చీఫ్ సెలెక్టర్ వివరణ. ప్రపంచ కప్ చూడడానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ పెట్టానని రాయుడు ట్విట్టర్‌లో చురక అంటించాడు. శంకర్ గాయపడ్డాక కూడా రాయుడిని కాదని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జులైలో రాయుడు ఆటకే వీడ్కోలు చెప్పాడు (తర్వాత వెనక్కి తీసుకున్నాడనుకోండి). మరో వారానికి మాంచెస్టర్ సెమీఫైనల్లో భారత్ స్కోరు ఒక దశలో మూడు వికెట్లకు 5. చివరికి 18 పరుగులతో ఓటమి.

ఇంతవరకు జయసింహ నాటి కథే. కానీ ఆ చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్. రాయుడిది గుంటూరు, ప్రసాద్‌దీ గుంటూరే. బొంబాయివాళ్లు, ఢిల్లీవాళ్లు మనల్ని తొక్కేస్తున్నారని యాభై ఏళ్లుగా వినిపించిన వాదన ఆ రోజు ఎవరి మీద పడాలో తెలియక నిలబడిపోయింది. మనవాడు సెలెక్టరైతే మొహమాటపడి మనవాడినే ముందు వదులుకుంటాడని కొందరు సిద్ధాంతం చేశారు. హైదరాబాద్ జట్టుకు, ఆంధ్ర జట్టుకు ఉన్న పాత పొరపొచ్చాలు తవ్వారు ఇంకొందరు. నాకు కనిపించింది వేరు. మధ్యవరుసలో అచ్చమైన బ్యాట్స్‌మన్ చాలునా, పార్ట్‌టైమ్ బౌలర్ కూడా కావాలా అన్నది ఆటకు సంబంధించిన ప్రశ్న. దాని మీద రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. ప్రసాద్ ఎంచుకున్నది తప్పుడు అభిప్రాయమని నేనూ అనుకుంటాను. కానీ ఆ వాదం ఎక్కడా జరగలేదు. ఊళ్ల పేర్ల మీదే జరిగింది.

ఆ పొరపొచ్చాల మాట ఎత్తాను కనుక ఒక సంగతి. ఆంధ్ర జట్టు 1953-54 నుంచే రంజీల్లో వేరుగా ఆడుతోంది. 1956లో రాష్ట్రాలు కలిసినా క్రికెట్ కలవలేదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు క్రికెట్‌లో పంచుకోవడానికి ఏమీ మిగలలేదు. మద్రాసు జట్టు తమిళనాడు అయింది, మైసూరు జట్టు కర్ణాటక అయింది, హైదరాబాద్ మాత్రం హైదరాబాద్‌గానే ఉండిపోయింది. తెలంగాణ పేరుతో రంజీ జట్టు లేదు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ పిల్లలు ఆడవలసింది ఆ నగరం పేరు మీదే.

ఉత్తర తెలంగాణలో ఆట లేదనలేం. సింగరేణి కాలనీల మైదానాలు ఉన్నాయి, కాజీపేట రైల్వే మైదానం ఉంది, ప్రతి కాలేజీలో ఒక జట్టు ఉంది. లేనిది దారి. రాష్ట్ర జట్టుకు మెట్టు నగరపు లీగ్. అందులో క్లబ్బులన్నీ నగరానివే. అసోసియేషన్ ఎన్నికల్లోనూ ఆ క్లబ్బుల ఓట్లదే బరువు, జిల్లాల ఓట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ గొడవ చివరికి న్యాయస్థానాలకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ వ్యవహారాలను చక్కదిద్దడానికి జస్టిస్ ఎల్.నాగేశ్వరరావును నియమించింది. ఒక్కరి చేతిలోనే పలు క్లబ్బులు ఉండడంపై ఆయన విచారణ జరిపి 57 క్లబ్బులను ఆ ఏటి ఎన్నికలకు దూరం పెట్టారు. అంతకుముందు సీజన్‌లోనే, 1986-87 రంజీ విజేత అయిన జట్టు పై శ్రేణి అయిన ఎలైట్ గ్రూపులో అట్టడుగుకు చేరి కింది శ్రేణి ప్లేట్ విభాగానికి పడిపోయింది. మరుసటి ఏడు అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 366 కొట్టాడు, జట్టు పైకి లేచింది. ఆ ఇన్నింగ్స్‌ను మురిసిపోతూ చూసినా, ఎవరి మీద కొట్టాడన్నది కూడా మా టీ కొట్టు మర్చిపోలేదు.

భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిషను ఎత్తి చూపేవారు ఉన్నారు. 2025 అండర్-19 మహిళల ప్రపంచ కప్‌లో 309 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరంటారు. త్రిష తండ్రి కూతురి శిక్షణ కోసం ఇల్లు వాకిలి సికింద్రాబాద్‌కు మార్చుకున్నాడన్న సంగతి ఆ వాక్యంలో ఇమడదు.

సిరాజ్ నగరంలోనే పుట్టాడు, ఆటో డ్రైవర్ కొడుకు. 2020-21లో తండ్రి పోయినా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయి, జయసింహ సెంచరీ చేసిన ఆ బ్రిస్బేన్‌లోనే ఐదు వికెట్లు తీసి గెలిపించాడు. 2025 ఛాంపియన్స్ ట్రోఫీకి అతన్నే వదిలేశారు. అదే ఏడు ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీశాడు. ఆగస్టు 4న ఓవల్‌లో ఆరు పరుగులతో గెలిచి సిరీస్ 2-2 అయిన సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో టపాసులు కాల్చాం. రాత్రి ఎనిమిది కాకముందే టీ కొట్టులో స్పిన్నర్ కుల్దీప్‌కు ఐదింటిలో ఒక్క టెస్టూ ఎందుకివ్వలేదన్న పంచాయితీ మొదలైంది.

అప్పుడే కాజీపేట వైపు నుంచి ఒక కుర్రాడు కిట్ బ్యాగు భుజాన వేసుకుని వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. సెలెక్షన్స్‌కని తెల్లవారుజామున సికింద్రాబాద్ రైలెక్కి వెళ్లి వస్తున్నాడు. ఎన్ని బంతులు ఆడనిచ్చారని ఎవరో అడిగారు. ఆరు, అన్నాడు. ఫోనులో సిరాజ్ చివరి యార్కర్‌ను మళ్లీ వేస్తుంటే అటు తిరిగి చూశాడు.